పురికొస కుట్టు

"రేపు సభకి వెళ్లేలోపు ఎడమ బూటుకి ఒక కుట్టు వేయించుకురా," అన్నారు మావారు పేపరు వెనక నుంచి.

నేను పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఆ బూట్లకి పట్టిన మట్టినే పాత బ్రష్షుతో గీకుతున్నాను. ఎడమ బూటు తిప్పి చూశాను. రాయిలా ఉంది. అడుగు ఊడలేదు, అంచు లేవలేదు.

"ఎక్కడ తెగిందండీ?"

"తెగలేదు. పురికొసతో కాస్త మోటుగా, పైకి కనపడేలా వేయించు. పుస్తకం తొమ్మిదో అధ్యాయంలో రాశాను కదా. రేపెవరైనా చూపించమంటే బాగుండదు."

ఒళ్లు మండింది. మండితే ఏం చేస్తాను, చేతులు తుడుచుకుని బూటు సంచిలో వేసుకుని వీధి చివర చెప్పులు కుట్టే తాత దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ వంచి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి నా వంక చూశాడు.

"చిరగనిదానికి కుట్టేమిటమ్మా? నొప్పి లేని పన్ను పీకమన్నట్టుంది!"

"మావారు ముచ్చటపడ్డారు తాతా."

ఆయన నవ్వి, సూది వెతుక్కుంటూ నా కాళ్ల వైపు చూసి ఆగిపోయాడు. నా ఎడమ చెప్పుకి, బొటనవేలి పట్టీ దగ్గర, పురికొసతో వేసిన కుట్టుంది. "ఇదెవరు వేశారు? చేయి తిరిగిన మనిషి వేసిన కుట్టమ్మా ఇది. ఇంత అరిగినా సడలలేదు చూడు. ఇట్లా విప్పి ఇవ్వు, దీన్ని చూసి అచ్చు దించేస్తాను." నేను ఒంటికాలి మీద నిలబడ్డాను. తాత నా చెప్పుని పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ, మావారి బూటుకి అబద్ధం కుట్టాడు.

మావారు కాలేజీలో పాఠాలు చెబుతారు. ఆదివారం పేపర్లో నడక గురించి రాస్తారు. అందరూ నడిచే దారిలో నడిస్తే అది నడకే కాదంటారు. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి అని ఊరంతా చెప్పుకుంటారు. నిజమే, కానీ ఆ బలపం కట్టేది నేను. బట్టలు సర్దడం, మందులు సర్దడం, ఆయన మేజోళ్లు మూడు జతలు విడివిడిగా కవర్లలో పెట్టడం, నేను గుమాస్తాగా పనిచేసే బడిలో హెడ్‌మాస్టరు ముందు సెలవు కాగితం పట్టుకుని నిలబడడం, "మళ్లీ షికారాండీ?" అనిపించుకోవడం, అన్నీ నా పనులే. బయల్దేరే రోజు మా అత్తయ్య, "వాడంటే రాయడానికి వెళ్తున్నాడు, నువ్వెందుకే తోకలా?" అంటుంది. ఎందుకో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదంతే.

ఏ పల్లెకి వెళ్లినా ఆయన వీధి అరుగు మీద మగవాళ్లతో కూర్చుంటారు. రోడ్లు, పంటలు, ఓట్లు. ఆ మాటలు ఎక్కడైనా ఒకటే. నేను మంచినీళ్లంటూ పెరటి గుమ్మానికి వెళతాను. అసలు సంగతులన్నీ పెరటి గుమ్మంలో ఉంటాయి. పడవ నడిపే అతని భార్య, "ఎక్కేటప్పుడు కాదమ్మా, దిగేటప్పుడు చూసుకోవాలి మోకాళ్లని," అని చెప్పింది. ఇటుకల బట్టీ పక్కనున్న మామ్మ, మొగుడు తనతో మాట్లాడని రోజులకి తాడుకి ముడులు వేసి చూపించింది, నాలుగు బారల తాడు. రిటైరైన ఒక నర్సు ఒంటరిగా ఉంటూ తలుపుకి లోపలివైపు మూడు గడియలు పెట్టించుకుంది. "మొదటిది దొంగలకి, రెండోది చుట్టాలకి, మూడోది మా ఆయన తిరిగొస్తే," అని పకపకా నవ్వింది. నాకు ఇంట్లో ఎవరూ అలా మాట్లాడేవాళ్లు లేరు. ఆ గుమ్మాల్లో కూర్చున్న కాసేపూ నాకు నేనున్నట్టు ఉండేది.

సాయంత్రం బసకి చేరాక ఆయన కాళ్లు చాపుతారు. నేను నూనె రాస్తూ కూర్చుంటాను. ఆయన ఫోను పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఊఁ, చెప్పు. ఇవాళ ఎవరు దొరికారు?" అంటారు. నేను చెప్పుకుపోతాను. ఫోను రికార్డు చేసుకుంటూ ఉంటుంది. ఆదివారానికల్లా అదంతా పేపర్లో వస్తుంది: "నేను ఒక మామ్మని కలిశాను", "ఆమె నా చేతిలో తాడు పెట్టింది", "ఈ నడక నాకు నేర్పింది". మా బడిలో లెక్కల టీచరు ఒకరోజు నా బల్ల మీద వాలిపోయి, "మీవారికి ఆడవాళ్ల మనసు ఎంత బాగా తెలుసండీ! అదృష్టవంతులు," అంది. నేను అవునన్నట్టు తలూపాను. చిన్నతనం అనిపించింది, అయినా ఊపాను.

సరే, ఆ కుట్టు సంగతి.

పోయినేడాది సెలవుల్లో, పాడుబడ్డ రాళ్ల క్వారీ ఒకటి దాటి వెళుతుంటే ఆయన మోకాలు పట్టేసింది. చెట్టు కింద కూలబడి నీళ్లన్నారు. సీసాలో చుక్క లేదు. నేను వెతుక్కుంటూ బయల్దేరాను. దారి లేదు, ముళ్లకంపలు, రాళ్లు. ఎడమ చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. చెప్పు చేత్తో పట్టుకుని కుంటుతూ వెళితే, క్వారీ వెనక, ఒకప్పుడు కాపలావాడు ఉన్న రేకుల గది కనపడింది. ముందు గోనెసంచుల గుట్ట. ఆ గుట్ట పక్కన ఒకామె దబ్బనం పట్టుకుని, పొడవడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడి ఉంది.

"నీళ్లకోసం వచ్చానక్కా," అన్నాను.

ఆమె నా వెనకాల చూసింది, ఎవరైనా ఉన్నారేమోనని. లేరని తేలాక చేయి దించింది. చెవి కింది నుంచి భుజం దాకా చర్మం ముడతలు పడి, మెరుస్తూ ఉంది. కాలిన మచ్చ. మిల్లువాళ్లు గురువారం గురువారం చిరిగిన సంచులు తెచ్చి పడేసి, కుట్టినవి పట్టుకుపోతారట. సంచులక్క అని పిలుస్తారట. నాకూ అంతకన్నా పేరు తెలీదు.

నీళ్లిచ్చింది. అడక్కుండానే నా చెప్పు లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. ఆ దబ్బనంతో అయిదు పోట్లు, పురికొసని పంటితో కొరకడం, అయిపోయింది. అప్పుడు గుట్టలో ఒక సంచి కదిలింది. ఉలిక్కిపడ్డాను.

"కోడా అక్కా?"

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తరవాత, "రా అమ్మా, పరవాలేదు," అంది సంచితో. అందులోంచి ఎనిమిదేళ్ల పాప బయటికొచ్చింది, జుట్టునిండా గోనె పీచు. అడుగుల చప్పుడు వినపడితే చాలు, ఎవరూ చెప్పకుండానే సంచిలో దూరిపోతుందట. అక్క మొగుడి దగ్గర్నుంచి రెండుసార్లు పారిపోతే రెండుసార్లూ మరిది జీపేసుకుని వచ్చి పట్టుకెళ్లాడట. రెండోసారి వెనక్కి వెళ్లాక మొగుడు ఆమె మీద కాగే నీళ్లు పోశాడు. ఆ మరుసటి వారం నీళ్లు కాచమని పాపకి చెప్పాడు. అందుకని మూడోసారి వచ్చేసింది.

"భయం లేదా అక్కా, ఇంత ఒంటరిగా?"

"ఇక్కడికి దారి లేదు కదా చెల్లీ. అందుకే ఉన్నాం. ఎవరికీ చెప్పకేం."

"చెప్పనక్కా."

పాప వచ్చి నా చెప్పు కుట్టుని వేలితో తడిమి చూసి, "ఇంక తెగదు పిన్నీ," అంది.

ఆ సాయంత్రం నూనె రాస్తూ చెప్పేశాను.

నోరు జారిందని అనను. నోరు జారలేదు, రోజూ చేసే పని చేసింది. పదహారేళ్లుగా ఆ కాళ్ల దగ్గర కూర్చుంటే నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. క్వారీ, రేకుల గది, మచ్చ, దబ్బనం, గురువారం బండి అన్నీ చెప్పాను. సంచి కదిలిందనే దాకా వచ్చాను. అప్పుడెందుకో ఫోను మీద ఎర్రచుక్క కనపడింది, నా పైప్రాణాలు పైనే పోయాయి. "సంచిలో ఏముంది?" అన్నారాయన కళ్లు తెరవకుండానే.

"కోడి," అన్నాను.

ఆ ఒక్కటీ దాచాను. మిగతాదంతా ఇచ్చేశాను.

"ఇది మాత్రం రాయకండి. మాటిచ్చాను," అన్నాను. "ఊఁ ఊఁ, చూద్దాంలే," అన్నారు. తరవాత పుస్తకం కోసం ఆయన చెబుతుంటే టైపు చేసింది నేనే. తొమ్మిదో అధ్యాయం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. "నా బూటు అడుగు ఊడింది. ఆమె మౌనంగా దాన్ని తన ఒళ్లోకి తీసుకుంది," అంటున్నారాయన, గది ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూ.

"ఏమండీ, ఇది వద్దు. ఆమెని వెతుకుతున్నారు."

"పేరు రాశానా? ఊరు రాశానా?"

"విరిగిన వంతెన రాశారు, క్వారీ రాశారు, మచ్చ రాశారు. ఇంకేం కావాలి?"

"మచ్చ తీసేస్తే ఆ అధ్యాయంలో ఏముంది చెప్పు?" అని నా భుజం తట్టారు. అరిచే మనిషి కాదాయన, అదొక ఇబ్బంది. "ఇలాంటి ఆడవాళ్ల గోడు లోకానికి తెలియాలోయ్. నువ్వు మరీ సున్నితం." నేను టైపు చేసినట్టే చేసి ఆ అధ్యాయం తీసేసి పంపాను. అచ్చువాళ్లు ఎనిమిది తరవాత పది వచ్చిందేమిటని ఆయనకే ఫోన్ చేశారు. ఆయన నవ్వి, ఇంట్లో వాళ్ల పొరపాటండీ అని మళ్లీ పంపించారు. మా అత్తయ్య, "వాడికి పేరొస్తుంటే నీకెందుకే కడుపుమంట?" అంది. ఎవరితో చెప్పుకోను? పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో, "నా అడుగుల వెనక నిశ్శబ్దంగా నడిచిన నా అర్ధాంగికి" అని ఉంది.

సభ పొద్దున పదింటికి, కాలేజీ హాల్లో. వెనక బల్ల దగ్గర టీ నా బాధ్యత. ఆయన కాలెత్తి కుర్చీ మీద పెట్టి కుట్టు చూపించారు. జనం చప్పట్లు కొట్టారు. తాత పనితనం అది, నిజంగానే అచ్చు దిగింది. ప్రశ్నలు మొదలయ్యాయి. మూడో వరసలో ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు లేచాడు. చాలా మర్యాదగా ఉన్నాడు. పుస్తకంలో వేలు పెట్టి పట్టుకున్నాడు.

"ఆ విరిగిన వంతెన దాటాక కుడివైపా సార్, ఎడమవైపా? మాకూ నడకంటే ఇష్టం."

మావారి ముఖం వెలిగిపోయింది. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద బొమ్మ గీశారు. వంతెన, క్వారీ, రేకుల గది. బాణం గుర్తు కూడా పెట్టారు. ఆ మనిషి దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

"ఇంకొక్కటి సార్. ఆ సంచిలో ఉన్నది కోడేనా? పాపేమైనా కనపడలేదా మీకు? తొమ్మిదేళ్ల పాప?"

"లేదండీ," నవ్వారు మావారు. "కోడే."

కెటిల్ పట్టుకున్న చేయి కాలుతున్నా దించాలని తోచలేదు. పాప మాట పుస్తకంలో లేదు. పాప సంగతి మావారికే తెలీదు. లోకంలో ఆ పాప ఉందని తెలిసి, ఈ ఏడాదికి తొమ్మిదేళ్లని లెక్కపెట్టుకునేవాళ్లు ఎవరుంటారు? నేను కుర్చీల మధ్య నుంచి వేదిక దాకా ఎలా వెళ్లానో తెలీదు. "వాడు ఆమె మరిది. ఆపండి వాణ్ని," అన్నాను ఆయన చెవిలో.

ఆయన మైకుకి చేయి అడ్డం పెట్టారు. "చదివినవాళ్లందరినీ అనుమానిస్తే ఎలా? జనం చూస్తున్నారు. వెళ్లి టీ సంగతి చూడు."

తిరిగి చూసేసరికి మూడో వరసలో కుర్చీ ఖాళీగా ఉంది. బయట జీపు బయల్దేరిన చప్పుడైంది.

నేను బస్సెక్కాను. ఇంకేం చేయగలను? సంచులక్కకి ఫోను లేదు, మిల్లు బండి వచ్చే గురువారానికి నాలుగు రోజులుంది. బస్సు ప్రతి అరుగు దగ్గరా ఆగింది. ఒకచోట డ్రైవరు దిగి ఎవరితోనో కబుర్లాడుతుంటే, నా ముందు సీటు వెనక భాగాన్ని గుద్దుతూ కూర్చున్నాను. దిగాక పరుగు. ఆయన గీసిన బొమ్మ ఎంత సరిగ్గా ఉందో అప్పుడు తెలిసింది. కుడివైపు తిరగాలి, తిరిగాను. దారి లేనిచోట ఇప్పుడు రెండు టైర్ల జాడలున్నాయి. ముళ్లకంపలు విరిగి నేలకంటుకున్నాయి.

గది తలుపు తీసి ఉంది. గుట్ట చెల్లాచెదరై ఉంది. సగం కుట్టిన సంచికి దబ్బనం వేలాడుతోంది. "అక్కా," అన్నాను. మళ్లీ అన్నాను. చెదిరిన సంచుల మధ్యే కూర్చున్నాను. చాలాసేపటికి, దొర్లిపోయి గోడవారగా పడి ఉన్న సంచి ఒకటి కదిలింది.

పాప బయటికి రాలేదు. సంచి మూతిలోంచి కళ్లు మాత్రం కనపడ్డాయి.

"అమ్మని బండెక్కించారు. నన్ను వెతికారు. అమ్మ నేను చచ్చిపోయానని చెప్పింది." సంచి మూతి దగ్గరికి లాక్కుని, "నువ్వు చెప్పనన్నావు కదా పిన్నీ," అంది.

నేనే చెప్పానమ్మా, అన్నాను. ఎందుకు చెప్పావని అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్ని? మా ఆయనకి నూనె రాస్తూ చెప్పానని చెప్పనా?

పొద్దు వాలకముందే అక్కడి నుంచి కదలాలి, వాళ్లు మళ్లీ వచ్చి చూస్తే? పాపకి ఇంకో తోవ తెలుసు, రాళ్ల మధ్య నుంచి. వెళ్లేముందు నా ఎడమ చెప్పు విప్పి గడపలో పెట్టాను. వాళ్ల అమ్మ ఎప్పటికైనా తప్పించుకుని వస్తే, తన కుట్టు తను గుర్తుపడుతుంది. పాప ఎవరి దగ్గరుందో తెలుసుకుంటుంది. అంతకన్నా మంచి ఆలోచన నాకు రాలేదు. కుడి చెప్పు కూడా విప్పి నా చేతిసంచిలో పడేసి వట్టికాళ్లతో నడిచాను. దిగేటప్పుడు మోకాళ్లు చూసుకోమని పాపకి చెప్పాను. చీకటి పడేలోపు, ఇన్నేళ్లుగా నేను నీళ్లడిగిన పెరటి గుమ్మాల్లో ఒకదాని ముందు నిలబడ్డాం. ఆ ఇంటావిడ తలుపు తీసి, పాపని చూసి, నా కాళ్లు చూసి, "లోపలికి రండి," అంది. ఒక్క ప్రశ్న అడగలేదు.

మర్నాడు పాపని ఆవిడ దగ్గరే ఉంచి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. "భార్యని భర్త తీసుకెళ్లాడంటున్నారు. ఇందులో ఫిర్యాదేముందమ్మా?" అన్నాడు రాసుకునే మనిషి. "మీరేమవుతారు ఆవిడకి?" ఏమవుతాను? "ఆవిడ పేరు?" తెలీదన్నాను. కలం మూసేశాడు. "పిల్లలున్నారా? ఉంటే తండ్రికి అప్పజెప్పాల్సొస్తుంది," అన్నాడు. లేరన్నాను. అంతటితో నేను చేయగలిగింది అయిపోయింది. ఆమె ఎక్కడుందో, ఎలా ఉందో, నాకు తెలీదు.

ఇంటికొచ్చేసరికి మావారు గుమ్మంలోనే ఉన్నారు. సభలో పరువు తీశావన్నారు. మా అత్తయ్య లోపలి నుంచి అంది, "రాత్రి బయట గడిపొచ్చిన ఆడదాన్ని ఇంట్లోకి రానిచ్చాం, అదీ మా మంచితనం." నా కాళ్ల పుండ్లు చూసి ఆయన, "చెప్పులేవి?" అన్నారు. పోయాయన్నాను. కాసేపటికి కోపం దిగిపోయింది. క్వారీకే వెళ్లానని తెలియగానే ఆయన కళ్లు మారాయి. ఆ చూపు నాకు తెలుసు.

సాయంత్రం మంచం మీద కాళ్లు చాపారు. నూనె గిన్నె నా ముందుకి జరిపారు. ఫోను తీసి దిండు పక్కన పెట్టారు, ఎర్రచుక్క వెలిగింది. రెండో ముద్రణకి ఇంకో అధ్యాయం అడుగుతున్నారట. కళ్లు మూసుకున్నారు.

"ఊఁ, చెప్పు. గదిలో ఎవరైనా ఉన్నారా?"

నేను నూనెలో వేళ్లు ముంచలేదు.

"ఎవరూ లేరండీ," అన్నాను. "ఒక్క కోడి ఉంది. అదీ ఎగిరిపోయింది."